వేక్, అవేక్, వేకెన్, అవేకెన్: ఒక్క మెలకువకి ఇన్ని క్రియలా?

అర్ధరాత్రి_అనువాదం
ఒక తెలుగు కథని ఇంగ్లీషులోకి తెస్తున్నాను. మొదటి వాక్యం: "ఫోన్ మోతకి మెలకువ వచ్చింది." నాలుగు మాటలు, అంతే. నేను "ఐ వాజ్ వేకెన్ బై ద ఫోన్" అని రాసి ముగ్గురికి చూపించాను. మొదటి ఆయన వేకెన్ కొట్టేసి వోకెన్ అని పెట్టారు. రెండో ఆవిడ వేకెన్డ్ అన్నారు. మూడో ఆయన అవేకెన్డ్ అని దిద్ది, పక్కన "బేసిక్ గ్రామర్!" అని ఎర్ర సిరాతో ఒక ఆశ్చర్యార్థకం కూడా తగిలించారు. తమాషా ఏమిటంటే, ముగ్గురూ మిగతా ఇద్దరిదీ తప్పే అంటున్నారు. కథలో పాత్ర ఇంకా మంచం దిగలేదు, నాకు మాత్రం మూడు రోజులుగా నిద్ర లేదు. ఎవరిది కరెక్టు? అసలు ఒక్క పనికి ఇన్ని క్రియలు ఎందుకు?

నిద్రమొహం
ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. కథా ఉండదు, గొడవా ఉండదు.

వ్యాకరణపు_పురుగు
ఇప్పటి లెక్క ప్రకారం ఇంతే. వేక్, వోక్, వోకెన్. అవేక్, అవోక్, అవోకెన్. వేకెన్, వేకెన్డ్, వేకెన్డ్. అవేకెన్, అవేకెన్డ్, అవేకెన్డ్. అంటే మీ ముగ్గురు దిద్దినవీ వ్యాకరణం ప్రకారం ఒప్పే. ముగ్గురూ పోట్లాడుకోనక్కర్లేదు. తప్పు మీ ఒక్కరిదే. సారీ.

అర్ధరాత్రి_అనువాదం
@వ్యాకరణపు_పురుగు ఎర్ర సిరా కంటే మీరే నయం, సారీ అయినా చెప్పారు. కానీ నా లాజిక్ వినండి. టేక్, టుక్, టేకెన్. షేక్, షుక్, షేకెన్. వేక్ కూడా అచ్చంగా అలాగే మోగుతుంది కదా, మరి వేకెన్ ఎందుకు కాకూడదు?

నైట్‌షిఫ్ట్
నాకు తెలిసి మామూలు మాటల్లో ఎవరూ అవోకెన్ అనరు. రాత్రంతా విదేశీ క్లయింట్లతో మాట్లాడడమే నా పని. "వోక్ అప్", "వేక్ మీ అప్", ఈ రెండే వినబడతాయి. మిగతావన్నీ పుస్తకాల్లో నిద్రపోతున్నాయి.

పదాల_పిచ్చి
@అర్ధరాత్రి_అనువాదం మీ లాజిక్ తప్పు కాదండీ, వెయ్యేళ్లు ఆలస్యమైంది అంతే.

ప్రాచీన ఆంగ్లంలో "వాకన్" అనే క్రియ ఉండేది. అచ్చు మార్చుకుని భూతకాలం చేసుకునే రకం. భూతకాలం "వోక్", దీర్ఘంగా పలకాలి. మూడో రూపం, అంటే పార్టిసిపుల్, "వాకెన్". ఇది షేక్, ఫర్‌సేక్ ఉన్న గుంపే. టేక్ నార్స్ భాష (పాత స్కాండినేవియా వాళ్ల భాష) నుంచి వచ్చి అదే వరసలో కూర్చుంది. ఆ గుంపు అంతా పద్ధతిగా పెరిగి ఉంటే ఇవాళ మనం వేక్, వుక్, వేకెన్ అని బట్టీ పట్టేవాళ్లం. మధ్యయుగాల రాతల్లో వుక్ లాంటి రూపాలు నిజంగానే ఉన్నాయి కూడా. తర్వాత బ్రేక్-బ్రోక్-బ్రోకెన్, స్పీక్-స్పోక్-స్పోకెన్ వాళ్ల గాలి సోకి వోక్, వోకెన్ అయ్యాయి.

కాబట్టి మీరు రాసిన "వాజ్ వేకెన్" పాత ఇంగ్లీషు మనిషికి చూపిస్తే తల ఊపేవాడు. ఇవాళ్టి ఎడిటర్ మాత్రం కొట్టేస్తాడు.

ఇది కథలో సగమే. దీని పక్కనే "వాకియన్" అని ఇంకో క్రియ ఉండేది. మెలకువగా ఉండడం, కాపలా కాయడం దాని అర్థం. దానికి భూతకాలంలో చివర డ చేరేది, మనకి "వేక్డ్" అనే రూపం అక్కడి నుంచే. ఈ రెండూ మధ్యయుగాల్లో ఒకదాన్నొకటి గుద్దుకుని కలిసిపోయాయి. కలిసినప్పుడు ఎవరి రూపాలు వాళ్లు వదులుకోలేదు. ఉమ్మడి కాపురంలో రెండు వంటిళ్లు ఉన్నట్టు, వోక్ ఒకటీ వేక్డ్ ఒకటీ మిగిలాయి.

నిద్రమొహం
"ఐ వుక్ అప్ ఎట్ సిక్స్." రేపటి నుంచి ఇదే అంటాను. ఎవరైనా అడిగితే పదాల_పిచ్చి పేరు చెప్తాను.

పదాల_పిచ్చి
నా పేరు చెప్పకండి, మీరే ఆరింటికి లేవండి, అది చాలు.

అర్ధరాత్రి_అనువాదం
మూడు రోజుల్లో మొదటిసారి ఎవరో నన్ను కరెక్ట్ అన్నారు. వెయ్యేళ్ల కిందట అయితేనేం.

జర్మన్_రెండో_ఏడాది
@పదాల_పిచ్చి మీరు రెండు క్రియలు అన్నారు, నాకు మూడు ఉండాలనిపిస్తోంది. జర్మన్‌లో ఇవాళ్టికీ మూడు పనులకి మూడు మాటలు. "వాఖెన్" అంటే మెలకువగా ఉండడం. "ఎర్‌వాఖెన్" లేదా "ఆఫ్‌వాఖెన్" అంటే మెలకువ రావడం. "వెకెన్" అంటే ఇంకొకరిని లేపడం. అలారం గడియారాన్ని "వెకర్" అంటారు, అంటే లేపేవాడు. ఇంగ్లీషులో ఆ మూడోది ఏమైంది?

పదాల_పిచ్చి
ఉండేది, పోయింది. ప్రాచీన ఆంగ్లంలో "వెచ్చన్" అంటే లేపడం, మీ వెకెన్‌కి సొంత అక్క. అది చచ్చిపోతూ తన పనిని కూడా వేక్ నెత్తిన పెట్టింది. అందుకే ఇవాళ "ఐ వోక్" అన్నా వేకే, "ఐ వోక్ హిమ్" అన్నా వేకే. మనకి ఆ ఇబ్బంది లేదు చూడండి: మెలకువగా ఉండడం, మేలుకోవడం, మేల్కొలపడం. లేచాడు, లేపాడు. ఎవరు ఎవరిని నిద్ర చెడగొట్టారో తెలుగులో క్రియే చెప్పేస్తుంది.

ఇంకో వింత. వాకియన్‌కి జంటగా "వాచ్చన్" అనే రూపం ఒకటి ఉండేది. ఇవాళ్టి వాచ్ అదే. చూడడం తర్వాత వచ్చిన అర్థం, మొదట వాచ్ అంటే నిద్రపోకుండా ఉండడం. వాచ్‌మన్ పని చూడడం కాదు, మేలుకుని ఉండడం.

నైట్‌షిఫ్ట్
మా బిల్డింగ్ వాచ్‌మన్‌కి ఈ వ్యుత్పత్తి ఎవరూ చెప్పలేదనుకుంటా.

ఆదివారం_పాఠకురాలు
వాచ్ సంగతి నిజమే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో మత్తయి 26:41లో "వాచ్ అండ్ ప్రే" అని ఉంటుంది. చిన్నప్పుడు దేన్ని చూస్తూ ప్రార్థన చెయ్యాలా అనుకునేదాన్ని. తెలుగు బైబిల్లో అదే చోట "మెలకువగా" అని చదివాక విషయం అర్థమైంది. అక్కడ శిష్యులు నిద్రపోతున్నారు, అదీ సందర్భం.

ఇంకా గమ్మత్తు ఉంది. మూడు రూపాలకి మూడు రోజులు నిద్ర పోగొట్టుకున్నవారు జెకర్యా 4:1 తీసి చూడండి. దేవదూత వచ్చి "వేక్డ్ మీ", నిద్రలోంచి "వేకెన్డ్" అయిన మనిషిలాగా, అని ఉంటుంది. ఒకే వాక్యంలో ఒకే పనికి రెండు క్రియలు! ఆదికాండంలో నోవహు 9:24లో "అవోక్", యాకోబు 28:16లో "అవేక్డ్". అదే పుస్తకం. అన్నన్ని భాషలు తెలిసిన పండితులు కూర్చుని చేసిన అనువాదం అది.

అర్ధరాత్రి_అనువాదం
ఇది ప్రింట్ తీసి ఎర్ర సిరా ఆయనకి పంపిస్తున్నాను.

రిటైర్డ్_మాస్టారు
చరిత్ర బాగుంది కానీ పరీక్ష రాసే పిల్లలు ఇది చదివితే ప్రమాదం. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. "వేక్డ్ కూడా ఉందట సర్, బైబిల్లో ఉందట సర్" అని ఒకడు వాదిస్తే ఆ పేపర్ దిద్దేవాడు మార్కు ఇవ్వడు. నియమం ఒకటి పట్టుకోండి: వేక్, వోక్, వోకెన్. మిగతాది ఉద్యోగం వచ్చాక చదువుకోవచ్చు.

వ్యాకరణపు_పురుగు
మాస్టారూ, వేక్డ్ ఇవాళ్టికీ కొన్ని అమెరికన్ మాండలికాల్లో బతికే ఉంది, నిఘంటువుల్లోనూ ఉంది. తప్పు అనడం కంటే "అరుదు" అనడం న్యాయం.

రిటైర్డ్_మాస్టారు
న్యాయానికి మార్కులు లేవు నాయనా.

జర్మన్_రెండో_ఏడాది
వేకెన్ చివర ఉన్న "ఎన్" బ్లాకెన్, షార్టెన్‌లలో ఉన్నదేనా? నల్లగా చేయడం, పొట్టిగా చేయడం, అలాగే మెలకువ చేయడం?

పదాల_పిచ్చి
చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ కాదు. బ్లాకెన్‌లోది "చేయడం". వేకెన్‌లోది అంతకంటే పాతది, "అవ్వడం". ప్రాచీన ఆంగ్లంలో "వాక్నన్", నార్స్‌లో "వక్న", రెండూ మెలకువలోకి రావడమే. ఒకరిని లేపడం అనే అర్థం తర్వాత అతుక్కుంది.

మొదట చెప్పిన వాకన్ గురించి ఒక ముక్క మర్చిపోయాను. దానికి మేలుకోవడంతో పాటు పుట్టడం అనే అర్థం కూడా ఉంది. బేవుల్ఫ్ అనే ప్రాచీన ఆంగ్ల కావ్యం మొదట్లోనే, 60వ పాదం దగ్గర, ఒక రాజుకి నలుగురు పిల్లలు కలిగారని చెప్పడానికి వాళ్లు "ఇన్ వొరొల్డ్ వోకున్" అంటాడు కవి. లోకంలోకి మేలుకున్నారు. పుట్టుకని మెలకువగా చూసిన ఆ ఒక్క మాట చదివిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

నిద్రమొహం
మా చిన్నది పుట్టినప్పటి నుంచి నేను మేలుకునే ఉన్నాను. ఆ కవికి పిల్లలున్నారని అర్థమవుతోంది.

వార్డు_డ్యూటీ
పదాల వేటగాళ్లకి నా వైపు నుంచి ఒకటి. న్యూరో వార్డులో నర్సుగా చేస్తాను. వెజిటేటివ్ స్టేట్ అనే మాట వినే ఉంటారు. 1972లో బ్రయాన్ జెనెట్, ఫ్రెడ్ ప్లమ్ అనే ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంతో స్థిరపడిన పేరు అది. అందరూ అదేదో గాఢ నిద్ర అనుకుంటారు, కోమాతో కలిపేస్తారు. కాదు. ఆ స్థితిలో మనిషి కళ్లు తెరుస్తాడు, రాత్రి మూస్తాడు, నిద్రా మెలకువా వంతులవారీగా వస్తూ పోతూ ఉంటాయి. లేనిది ఎరుక. ఇంగ్లీషులో వేక్‌ఫుల్ కానీ అవేర్ కాదు అంటాం. బంధువులకి ఇది చెప్పడం ఎంత కష్టమో. "కళ్లు తెరిచాడు కదమ్మా, లేచినట్టే కదా" అని అడుగుతారు. లేచాడు అనే మాటకి తెలుగులో ఎరుక కూడా అంటుకుని ఉంటుంది, దాన్ని విడదీసి చెప్పడానికి నాకు ఇప్పటికీ సరైన మాట దొరకలేదు.

పదాల_పిచ్చి
@వార్డు_డ్యూటీ మీరు తెలిసి రాశారో లేదో కానీ ఆ పేరులోనే వేక్ చుట్టం ఉంది. లాటిన్‌లో "వెగెరె" అంటే చురుగ్గా, సజీవంగా ఉండడం. వెజిటబుల్ దాన్నుంచే, మొదట్లో ఎదిగేది, జీవం ఉన్నది అని అర్థం. వేక్, వాచ్, లాటిన్ "విగిల్" (మెలకువగా ఉన్న), విగర్, వెజిటబుల్ అన్నీ "వెగ్" అనే ఒక్క ఇండో యూరోపియన్ ధాతువు నుంచి మొలిచినవని పండితులు చెప్తారు. బలంగా, చురుగ్గా ఉండడం దాని అర్థం. సంస్కృతంలో "వాజ" అంటే బలం, గుర్రానికి "వాజి" అనే పేరు, అవీ ఈ ఇంటివేనంటారు.

అవేక్, అవేర్ మాత్రం చుట్టాలు కావు. అవేర్ వేరే కుదురు, వేరీ, బివేర్‌ల వైపు. వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ ఇంటిపేర్లు వేరు. మీ వార్డులో ఆ రెండూ విడిపోయి కనిపించడం వింతగానే ఉంది.

నైట్‌షిఫ్ట్
వంకాయకీ నా మెలకువకీ చుట్టరికం ఉందన్నమాట. ఇంక చెప్పేదేముంది.

వార్డు_డ్యూటీ
తెలియక రాశానండీ. డ్యూటీ దిగి బస్సులో కూర్చుని చదువుతున్నాను ఇదంతా.

జర్మన్_రెండో_ఏడాది
@పదాల_పిచ్చి వెయిట్ కూడా ఈ ఇంటిదేనా? వాచ్, వెయిట్...

పదాల_పిచ్చి
శభాష్. అవును, కానీ దొడ్డిదారిన. జర్మనిక్ మాట ఒకటి ఫ్రాన్స్ వెళ్లి, అక్కడ పొంచి చూడడం అనే అర్థంతో స్థిరపడి, నార్మన్లతో పాటు ఇంగ్లండు వచ్చింది. చూస్తూ ఉండడం కాస్తా ఎదురుచూడడం అయింది. సైనికులు ఆరుబయట వేసే మకాం, బివాక్ కూడా ఇంతే, స్విస్ జర్మన్‌లో అదనపు కాపలా. పొద్దున్నే బ్యూగిల్ మీద ఊదే రెవెలీ ఫ్రెంచివాళ్ల "లేవండి". సర్వైలెన్స్ కూడా లాటిన్ మెలకువే. కెమెరాకి నిద్ర ఉండదు కాబట్టి పేరు కుదిరింది.

సర్వర్‌రూమ్
మా ప్రపంచంలో కూడా వేక్ ఉంది, ఎవరూ చెప్పరేం? ఫోన్‌లో యాప్ "వేక్ లాక్" పట్టుకుంటే ప్రాసెసర్ నిద్రలోకి పోదు. చెత్తగా రాసిన యాప్ దాన్ని వదలడం మర్చిపోతుంది, పొద్దున లేచేసరికి బ్యాటరీ ఖాళీ. పోయిన నెల నేనే అలాంటి కోడ్ రాసి టెస్టింగ్‌లో దొరికిపోయాను. "వేక్ ఆన్ లాన్" అని ఇంకోటి, నిద్రలో ఉన్న కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ పంపి లేపడం. ఆ ప్యాకెట్ పేరు మ్యాజిక్ ప్యాకెట్. జోక్ కాదు, నిజంగా అదే పేరు.

నిద్రమొహం
మా ఇంట్లో మ్యాజిక్ ప్యాకెట్ అంటే మొహం మీద నీళ్లు.

అందరికీ_ఫార్వర్డ్
శవం దగ్గర కూర్చోవడాన్ని వేక్ అని ఎందుకంటారో తెలుసా? 1500లలో జనం సీసం కలిసిన కప్పుల్లో మద్యం తాగి రోజుల తరబడి స్పృహ తప్పేవారు. చచ్చాడనుకుని బల్ల మీద పడుకోబెట్టి, లేస్తాడేమో అని చుట్టూ కూర్చుని తింటూ తాగుతూ ఎదురుచూసేవారు. అందుకే వేక్!! షేర్ చేయండి.

పదాల_పిచ్చి
వచ్చిందండీ, ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. ఇది 1999లో ఈమెయిళ్లలో తిరిగిన "1500లలో జీవితం" అనే కట్టుకథల మూటలోది. సీసం విషం అలా రెండు రోజులు పడుకోబెట్టి లేపదు, మెల్లగా కూడబెట్టుకుని చంపుతుంది. మేలుకునేది శవం కాదు, చుట్టూ ఉన్నవాళ్లు. రాత్రంతా నిద్రపోకుండా కూర్చోవడం, అంటే జాగారం. వాకియన్ అర్థం అచ్చంగా అదే కదా, పైన చెప్పాను. ఇంత సూటిగా ఉన్నదానికి కప్పులూ బల్లలూ ఎందుకు?

అందరికీ_ఫార్వర్డ్
నాకు వచ్చింది పంపాను సర్. కోపం ఎందుకు.

రిటైర్డ్_మాస్టారు
కోపం కాదు బాబూ. ఆయనకి నిద్ర తక్కువ.

ఆదివారం_పాఠకురాలు
ఈ జాగారం అర్థమే ఇంగ్లండులో సెలవుగా కూడా మారింది. చర్చి ప్రతిష్ఠ పండుగకి ముందురాత్రి మేలుకుని ఉండడం వేక్. తర్వాత ప్రార్థన తగ్గి తిరునాళ్ల పెరిగింది. ఫ్యాక్టరీల కాలం వచ్చాక లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్లలో "వేక్స్ వీక్" అని ఊరు ఊరంతా ఒక వారం మిల్లులు మూసేసి సముద్రం ఒడ్డుకి పోయేవారు. రాత్రి నిద్ర మానడంతో మొదలై వారం రోజులు హాయిగా నిద్రపోవడంతో తేలింది.

సర్వర్‌రూమ్
మరి ఓడ వెనక నీళ్లలో పడే గీత? అదీ వేకే కదా. నీళ్లు "మేలుకుంటాయి" కాబట్టి అని నేను అనుకునేవాణ్ణి.

పదాల_పిచ్చి
కవిగారూ, కాదు. అది పూర్తిగా వేరే మాట. నార్స్ భాషలో గడ్డకట్టిన నీటిమీద మంచులో ఏర్పడే రంధ్రాన్ని, ఖాళీని "వోక్" అనేవారు. మంచుని చీల్చుకుంటూ ఓడ పోతే వెనక మిగిలే దారి అనుకోండి. "ఇన్ ద వేక్ ఆఫ్" అంటే ఫలానాది జరిగిన వెనువెంటనే అని రాస్తామే, అది ఈ ఓడ వేక్. నిద్రకీ దానికీ సంబంధం లేదు.

వ్యాకరణపు_పురుగు
ఒక తెలుగు అనువాదంలో "ఇన్ ద వేక్ ఆఫ్ ద స్టార్మ్"కి "తుఫాను మేల్కొన్నప్పుడు" అని చదివాను. ఇప్పుడు గుర్తొస్తోంది.

అర్ధరాత్రి_అనువాదం
ఎవరిదో చెప్పకండి, నాదే అయ్యుండచ్చు.

నైట్‌షిఫ్ట్
నా పరువు పోయిన కథ చెప్తాను. మొదటి ఉద్యోగంలో, పాత బ్రిటిష్ పద్ధతి పుస్తకం బట్టీ పట్టి, అమెరికన్ మేనేజర్‌తో కాల్‌లో "ఏదైనా అర్జెంట్ అయితే నన్ను ఎన్నింటికైనా నాక్ అప్ చేయండి" అన్నాను. నిశ్శబ్దం. తర్వాత ఒకడు దగ్గాడు. మ్యూట్ చేసి ఎంతమంది నవ్వారో నాకు తెలియదు. బ్రిటన్లో తలుపు తట్టి లేపడం, అమెరికాలో కడుపు చేయడం.

నిద్రమొహం
ఎన్నింటికైనా అన్నావు చూడు, అదీ దెబ్బ.

ఆదివారం_పాఠకురాలు
అది నిజంగా ఒక వృత్తి, తెలుసా. నాకర్ అప్! బ్రిటన్, ఐర్లండు మిల్లుల ఊళ్లలో అలారం గడియారాలు అందరికీ అందక ముందు, కొంతమంది పొడుగాటి కర్ర పట్టుకుని తెల్లవారకముందే వీధి వీధి తిరిగి మేడమీద కిటికీ అద్దం మీద టక టక కొట్టేవారు. లోపలి మనిషి లేచినట్టు కనిపిస్తేగానీ కదిలేవారు కాదు. మేరీ స్మిత్ అనే ఆవిడ లండన్ తూర్పు పేటల్లో గొట్టంలో ఎండు బఠాణీ పెట్టి కిటికీల మీదికి ఊదేది, ఆవిడ ఫోటో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది.

సర్వర్‌రూమ్
ఎండు బఠాణీ = మ్యాజిక్ ప్యాకెట్. డన్.

వ్యాకరణపు_పురుగు
నైట్‌షిఫ్ట్ కథ విన్నాక ఇంకో హెచ్చరిక. రౌజ్ వాడండి, అరౌజ్ జాగ్రత్త. "అలారం అరౌజ్డ్ మీ" అని సెలవు చీటీలో రాసినవాణ్ణి చూశాను. నిఘంటువు చూస్తే లేపడమే అర్థం, కానీ మనుషుల మీద వాడితే ఇవాళ చదివేవాడి బుర్ర వేరేచోటికి పోతుంది. అనుమానాన్ని, ఆసక్తిని అరౌజ్ చేయండి. మిమ్మల్ని మీరు చేసుకోకండి.

పదాల_పిచ్చి
రౌజ్ మొదట వేటగాళ్ల మాట. డేగ రెక్కలు విదిల్చుకోవడానికి, పొదలో దాక్కున్న జంతువుని బయటికి తరమడానికి వాడేవారు. మనుషుల నిద్ర దాకా తర్వాత వచ్చింది. దుప్పటి లాగితే బయటికొచ్చే మా అబ్బాయిని చూస్తే పాత అర్థమే సరిపోతుంది.

కొత్త_సభ్యుడు_7
వోక్ అంటే ఇప్పుడు తిట్టు కదా? "వాడో వోక్ గాడు" అంటున్నారు. నిద్ర లేస్తే తిట్టెలా అవుతుంది?

నైట్‌షిఫ్ట్
అయిపోయింది. ఇక దారం తగలబడుతుంది.

పదాల_పిచ్చి
తగలబెట్టకుండా చెప్పుకుందాం. ఆ వోక్ అమెరికా నల్లజాతివారి ఇంగ్లీషులోది. అక్కడ వోక్ భూతకాలం కాదు, విశేషణం. "స్టే వోక్" అంటే కళ్లు తెరిచి ఉండు, ఏమరకు. 1931లో అలబామాలోని స్కాట్స్‌బరో కేసులో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్లమీద తప్పుడు ఆరోపణలు పెట్టారు. 1938లో లెడ్ బెల్లీ అనే గాయకుడు ఆ ఘటన మీద పాట రికార్డు చేసి, చివర మాటల్లో అటువైపు వెళ్లే మనవాళ్లు జాగ్రత్తగా, "వోక్"గా ఉండాలని చెప్పాడు. అక్కడ అది నినాదం కాదు, ప్రాణం కాపాడుకునే సలహా. 1962లో విలియం మెల్విన్ కెల్లీ అనే రచయిత న్యూయార్క్ టైమ్స్‌లో నల్లజాతి వాడుక మాటల మీద రాసిన వ్యాసం శీర్షికలోనే వోక్ ఉంది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఈ అర్థం చేరింది. ఆ తర్వాత వెక్కిరింతగా వాడడం బాగా పెరిగింది. నా గొడవ ఏమిటంటే, వాకియన్‌కి ఉన్న "కాపలా కాస్తూ మేలుకుని ఉండడం" అనే పాత అర్థం ఇంగ్లీషు పుస్తకాల్లో మాసిపోయాక, ఆ పలుకుబడిలో మళ్లీ తలెత్తింది.

కొత్త_సభ్యుడు_7
నేను తిట్టు అనే అనుకున్నాను. పాట సంగతి తెలియదు.

రిటైర్డ్_మాస్టారు
రాజకీయం అక్కడికి చాలు. పిల్లలు చేసే అసలు తప్పు ఎవరూ చెప్పలేదు. "యాన్ అవేక్ బేబీ" అని రాస్తారు. అవేక్ విశేషణంగా నామవాచకానికి ముందు నిలబడదు. "ద బేబీ ఈజ్ అవేక్" అనాలి. అస్లీప్, అలైవ్, అఫ్లోట్ అన్నీ ఇదే బాపతు. "వెరీ అవేక్" కూడా వద్దు, "వైడ్ అవేక్" అనండి.

జర్మన్_రెండో_ఏడాది
మాస్టారూ, మన తప్పు ఇంకోటి ఉంది. తెలుగులో "లేచాను" అంటే మెలకువ రావడమూ అవుతుంది, మంచం దిగడమూ అవుతుంది. అందుకని వేక్ అప్, గెట్ అప్ కలిపేస్తాం. "ఐ వోక్ అప్ ఎట్ ఫైవ్ అండ్ గాట్ అప్ ఎట్ ఎయిట్" అంటే తెల్లవాళ్లకి మామూలు వాక్యం. మా నాన్నకి తెలుగులో చెప్తే "అయిదింటికి లేచి ఎనిమిదింటికి లేవడమేమిట్రా" అన్నారు.

నిద్రమొహం
మీ నాన్నగారికి నా జీవితం అర్థం కాదు.

వార్డు_డ్యూటీ
మెలకువ "వచ్చింది" అంటాం, నిద్ర "పట్టింది" అంటాం. మనం చేసే పని కాదు, మనకి జరిగేది. ఇంగ్లీషులో "ఐ వోక్" అంటే నేనే ఏదో ఘనకార్యం చేసినట్టు ఉంటుంది. వార్డులో పని చేశాక తెలుగు పద్ధతే నిజం అనిపిస్తుంది నాకు.

వ్యాకరణపు_పురుగు
పనిలో మెలకువలు అంటాం, ఒడుపులు అనే అర్థంలో. నిద్ర లేకపోవడమే నైపుణ్యం అనుకున్నట్టున్నారు మనవాళ్లు.

కొత్త_సభ్యుడు_7
మేలుకొనడం అంటే మేలుని కొనుక్కోవడమా?

పదాల_పిచ్చి
అలా విడగొట్టకండి బాబూ. ఇప్పుడే సీసం కప్పుల్ని కడిగి పెట్టాను.

అర్ధరాత్రి_అనువాదం
అందరివీ చదివాను, కొన్ని రెండుసార్లు. నాకు తేలింది ఇది. వోకెన్, వేకెన్డ్, అవేకెన్డ్ మూడూ ఒప్పే. అవేకెన్డ్ మాత్రం ఫోన్‌కి మరీ పెద్ద చొక్కా, జ్ఞానోదయానికో, జాతి జాగృతికో పనికొస్తుంది. వేకెన్డ్ కాస్త పుస్తకాల వాసన. అసలు నా తప్పు వేకెన్ కాదు, కర్మణి ప్రయోగం. తెలుగులో మెలకువ తనంతట తను వచ్చింది కదా అని, ఇంగ్లీషులో నన్ను ఎవరో ఏదో చేసినట్టు వాజ్, బై అని బిగించాను. అన్నీ తీసేసి "ద ఫోన్ వోక్ మీ" అని పెట్టాను. అక్కడా నాలుగు మాటలు, ఇక్కడా నాలుగు మాటలు.

పదాల_పిచ్చి
బాగుంది. పోయిన వెచ్చన్ చేసే పని అది. అయినా నాకు నచ్చింది.

నైట్‌షిఫ్ట్
అప్ ఏది?

అర్ధరాత్రి_అనువాదం
రాత్రి పంపించాను. ఇందాకే నాలుగో రివ్యూయర్ నుంచి వచ్చింది. "ద ఫోన్ వోక్ మీ" పక్కన బాణం గుర్తు, దాని కింద "అప్". ఈసారి పచ్చ సిరా.